బాస్కెట్‌బాల్ జీఎంలో పచ్చి కుర్రవాళ్ళను పెంచే పద్ధతి

బాస్కెట్‌బాల్ జీఎం బ్రౌజర్‌లో ఉచితంగా ఆడుకునే ఆట. ఇందులో బంతి మన చేతికి రాదు. 30 జట్లున్న లీగ్‌లో ఒక జట్టుకు జనరల్ మేనేజర్‌గా కూర్చుని, డ్రాఫ్ట్‌లో (ఏటా కొత్త కుర్రవాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) ఎవరిని ఎంచుకోవాలి, ఎవరికి ఎంత జీతం ఇవ్వాలి, ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలి అన్నవి మనం నిర్ణయిస్తే, 82 మ్యాచ్‌ల సీజన్‌ను కంప్యూటర్ ఆడి ఫలితాలు చూపిస్తుంది. ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, ఇంకా ఆట ఒంటబట్టని 19 ఏళ్ళ కుర్రవాణ్ణి తీసుకొచ్చి, నాలుగైదేళ్ళు ఓపిక పట్టి, అతడు జట్టుకు ఆధారమయ్యేదాకా చూసుకోవడం. చాలామంది ఈ పనిలో తప్పుదారి పట్టేది శ్రద్ధ లేక కాదు, శ్రద్ధను అక్కర లేని చోట పెట్టడం వల్ల. అందుకే ఈ పద్ధతిని మొదటినుంచీ వివరంగా రాస్తున్నాను. సెట్టింగులు ఏవీ మార్చని మామూలు లీగ్ గురించే చెబుతున్నానని గమనించగలరు.

ముందుగా ఒక అపోహను తీసేయాలి. నిజమైన బాస్కెట్‌బాల్‌లో కుర్రవాడు మైదానంలో గడిపే నిమిషాలే అతడికి బడి. ఈ ఆటలో అలా కాదు. ఒక ఆటగాడు సీజన్ అంతా రోజుకు 35 నిమిషాలు ఆడినా, బెంచీ చివర కూర్చుని ఒక్క నిమిషం ఆడకపోయినా, అతడి ఎదుగుదలలో తేడా రాదు. ఎదుగుదల ఏడాదికి ఒక్కసారే, ప్రీసీజన్, అంటే సీజన్‌కు ముందు దశ, మొదలైన క్షణంలో జరుగుతుంది. దాన్ని నిర్ణయించేవి మూడు: ఆటగాడి వయసు, జట్టు కోచింగ్ స్థాయి, అదృష్టం. కాబట్టి ఓడిపోతున్నా సరే కుర్రవాళ్ళకు అనుభవం వస్తుందని వాళ్ళనే ఆడించి సీజన్‌ను పాడుచేసుకోవలసిన అవసరం లేదు. పైగా గాయాలు మ్యాచ్ ఆడుతున్నప్పుడే తగులుతాయి, పెద్ద గాయమైతే వేగం, ఎగిరే శక్తి వంటివి శాశ్వతంగా తగ్గవచ్చు. నేను బాగా పచ్చిగా ఉన్నవాళ్ళను మొదటి ఏడాది బెంచీ చివరనే ఉంచుతాను. ఆడిస్తే ఒరిగే లాభం ఒకటుంది: గణాంకాలు బాగా వస్తే ఇతర జట్ల కంట్లో అతడి విలువ పెరగవచ్చు. అతణ్ణి అమ్మే ఉద్దేశం ఉంటేనే అది పనికొచ్చే లాభం.

ఇక అంకెల సంగతి. ప్రతి ఆటగాడికి ఓవరాల్, పొటెన్షియల్ అని రెండు ముఖ్యమైన అంకెలుంటాయి. ఓవరాల్ ఇవాళ్టి స్థాయి. అది 70 దాటితే లీగ్‌లో అత్యుత్తముల వరుస, 60లలో ఉంటే గట్టి స్టార్టర్ (మ్యాచ్ మొదట్లోనే దిగే ఐదుగురిలో ఒకడు), 40లలో ఉంటే బెంచీ. పొటెన్షియల్‌ను చాలామంది అతడు చేరగల గరిష్ఠ స్థాయి అనుకుంటారు. నిజానికి అది ఒక అంచనా మాత్రమే. ఇలాంటి కుర్రవాళ్ళు సగటున ఎక్కడిదాకా వెళ్తారో అది చెబుతుంది. దాన్ని దాటి వెళ్ళేవాళ్ళుంటారు, దాని దరిదాపులకు రానివాళ్ళు అంతకన్నా ఎక్కువమంది కనిపిస్తారు. 29 ఏళ్ళు వచ్చేసరికి రెండు అంకెలూ ఒకటైపోతాయి. డ్రాఫ్ట్‌కు వచ్చే కుర్రవాళ్ళ విషయంలో ఇంకో మెలిక ఉంది. మనకు కనిపించే అంకెల్లో కొంత పొరపాటు కలిసి ఉంటుంది. స్కౌటింగ్‌కు, అంటే కొత్త కుర్రవాళ్ళను ముందే పరిశీలించే పనికి, ఎక్కువ ఖర్చు పెడితే ఆ పొరపాటు తగ్గుతుంది. అయినా నా డబ్బు నేను అక్కడ పెట్టను. ఎందుకో కోచింగ్ గురించి చెప్పేటప్పుడు వివరిస్తాను.

వయసు ఈ ఆటలో ఎంత బలమైనదో తెలియాలంటే లోపలి లెక్క కొంచెం చూడాలి. ప్రీసీజన్‌లో ప్రతి ఆటగాడికీ ఆ ఏడాదికి ఒక మూల మార్పు నిర్ణయమవుతుంది. 20 ఏళ్ళు, అంతకు లోపు అయితే అది 2 దగ్గర మొదలవుతుంది. 21, 22 ఏళ్ళకు 1. 23 నుంచి 25 వరకు 0.3. 26, 27 ఏళ్ళకు సున్నా. 28, 29 ఏళ్ళకు అర పాయింటు తగ్గుదల, 30, 31 ఏళ్ళకు 2 పాయింట్లు, ఆ తరువాత 3 పాయింట్లు తగ్గుదల. దీనికి అదృష్టం తాలూకు అంకె తోడవుతుంది. 23 ఏళ్ళ వరకు ఆ అంకె కిందికి 4 దగ్గర ఆగిపోతుంది, పైకి మాత్రం 20 దాకా వెళ్ళగలదు. 24, 25 ఏళ్ళకు పైహద్దు 10కి దిగుతుంది. 26 నుంచి ఊగిసలాట చిన్నదైపోతుంది: కిందికి 2, పైకి 4, అంతే. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఈ ఆటలో అక్షరాలా లెక్కగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక ఉదాహరణ చూడండి. డ్రాఫ్ట్ మొదటి రౌండులో తీసుకున్నవాడికి మూడేళ్ళ కాంట్రాక్టు వస్తుంది, రెండో రౌండువాడికి రెండేళ్ళది. 19 ఏళ్ళవాణ్ణి మొదటి రౌండులో తీసుకుంటే, ఆ కాంట్రాక్టు కాలంలో అతడు 20, 21, 22 ఏళ్ళ వయసులో మూడు ప్రీసీజన్లు చూస్తాడు. అదృష్టాన్ని పక్కన పెట్టినా మూల మార్పులు కలిపి 4 అవుతాయి. 22 ఏళ్ళవాణ్ణి తీసుకుంటే అవే మూడు ప్రీసీజన్లు 23, 24, 25 ఏళ్ళలో వస్తాయి, మొత్తం కలిపి 1కి కూడా చేరదు. ఈ రోజు ఓవరాల్ 47 ఉన్న 22 ఏళ్ళ ఆటగాడు, 42 ఉన్న 19 ఏళ్ళ ఆటగాడు పక్కపక్కన కనిపిస్తే, మొదటివాడే మేలని కన్ను చెబుతుంది. ఈ సీజన్ గెలవడానికి ఒక చెయ్యి తక్కువైతే తప్ప నేను రెండోవాడినే తీసుకుంటాను.

అయితే చిన్నవాడైతే చాలదు. ఏవి పెరుగుతాయో, ఏవి పెరగవో తెలిసి ఎంచుకోవాలి. ఈ మార్గదర్శకంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. ఆటగాడికి 15 రకాల రేటింగులుంటాయి: ఎత్తు, బలం, వేగం, ఎగిరే శక్తి, దమ్ము, ఆ తరువాత షూటింగు, డ్రిబ్లింగు, పాసింగు, రీబౌండింగు, దాడిలో తెలివి, రక్షణలో తెలివి వగైరా. ఎత్తు దాదాపు మారదు. 20 ఏళ్ళ వరకు ఉన్నవాళ్ళకు, అదీ నూటికి ఒకరికి, ఒక పాయింటు పెరిగితే పెరుగుతుంది. వేగం, ఎగిరే శక్తి ఎంత గొప్ప ఏడాదైనా 2 పాయింట్లకు మించి పెరగవు, తగ్గడానికి మాత్రం చాలా చోటుంది. డ్రిబ్లింగు, పాసింగు, రీబౌండింగు ఏడాదికి 5 పాయింట్ల దాకా నెమ్మదిగా ఎక్కుతాయి. తెలివి సంగతి వేరు. దాడిలోనూ రక్షణలోనూ తెలివి చిన్న వయసులో మిగతా నైపుణ్యాలన్నిటికన్నా వేగంగా పెరుగుతుంది. 21 ఏళ్ళ వరకు మూల మార్పుకు 4 పాయింట్లు, 22, 23 ఏళ్ళకు 3 పాయింట్లు అదనంగా కలుస్తాయి.

అందువల్ల డ్రాఫ్ట్ జాబితా చూసేటప్పుడు నేను తెలివి రేటింగు 12 ఉన్న 19 ఏళ్ళవాణ్ణి చూసి వెనక్కి తగ్గను. అది లోపం కాదు, ఇంకా రాని వయసు. ఎత్తు, వేగం తక్కువగా ఉన్నవాణ్ణి చూసి మాత్రం ఆగిపోతాను, ఎందుకంటే ఆ రెండూ ఓవరాల్ లెక్కలో బరువైనవి, తరువాత తెచ్చిపెట్టలేనివి. ఎత్తు, వేగం, ఎగిరే శక్తి పుట్టుకతో ఉండాలి. షూటింగు, తెలివి కాలం ఇస్తుంది. పొడవుగా, చురుగ్గా ఉండి, బుట్టలో బంతి వేయడం ఇంకా రాని కుర్రవాడే నేను వెతికే పచ్చి సరుకు. మూడు పాయింట్ల షాట్ కొంచెమైనా మొదలై ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఓవరాల్‌లో దానికీ మంచి వాటా ఉంది.

ఇంకో విషయం కూడా గుర్తుంచుకోవాలి. ఆ ఏడాది మూల మార్పు ఒక్కటే అన్ని రేటింగులకూ వర్తిస్తుంది. ఒక్కో రేటింగుకు ఆ అంకెను 0.4 నుంచి 1.4 మధ్య ఏదో ఒక గుణకంతో హెచ్చిస్తారు. కాబట్టి మంచి ఏడాది వచ్చిందంటే కుర్రవాడు ఒక్క షూటింగులోనే ఎదగడు, అన్నిటా కలిసి ఎదుగుతాడు. ఎదుగుదల మెట్టు మెట్టుగా రాకుండా ఒక్కసారిగా దూకినట్టు కనిపించేది ఇందుకే. రెండేళ్ళు కదలని కుర్రవాడు మూడో ఏట 9 పాయింట్లు పెరగడం వింతేమీ కాదు.

నా లీగ్‌లోనే ఒకడున్నాడు. రెండో రౌండులో 38వ ఎంపికగా తీసుకున్నాను. వయసు 19, ఓవరాల్ 37, పొటెన్షియల్ 55. వేగం 68, ఎగిరే శక్తి 74, ఎత్తు తన స్థానానికి తగినంత. దాడిలో తెలివి 14, మూడు పాయింట్ల షాట్ 22. మొదటి ప్రీసీజన్‌లో తెలివి 18కి వచ్చింది, షాట్ 23, వేగం 69 అయ్యాయి, ఓవరాల్ 39 దగ్గర ఆగింది. ఆ సీజన్ అంతా అతడు ఆడిన నిమిషాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మరుసటి ప్రీసీజన్‌లో పేజీ తెరిచేసరికి తెలివి 31, షాట్ 32, వేగం మాత్రం 71, ఓవరాల్ 46. వేగం రెండే పాయింట్లు కదిలిన చోట తెలివి 13 కదలడం చూశాక, దేన్ని చూసి ఎంచుకోవాలో నాకు పూర్తిగా అర్థమైంది. అంతకు ముందే ఇలాంటి కుర్రవాణ్ణే ఒక్క ఏడాదికే విసుగొచ్చి వదిలేశాను. అతడు వేరే జట్టులో చేరి, 22 ఏళ్ళకు ఆ జట్టు స్టార్టర్ అయి, ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే పోటీల్లో) నా జట్టు మీదనే ఆడాడు. ఆ తప్పు మళ్ళీ చేయలేదు.

ఓపిక పట్టాలంటే ఒక్కడి మీద పట్టకూడదు, నలుగురి మీద పట్టాలి. లెక్క ఇలా ఉంటుంది. 20 ఏళ్ళ కుర్రవాడికి ఒక ప్రీసీజన్‌లో 8 లేదా అంతకు మించిన మూల మార్పు వచ్చే అవకాశం సుమారు తొమ్మిదింట ఒక వంతు. అలాంటివాళ్ళు నలుగురుంటే, వాళ్ళలో కనీసం ఒక్కడైనా అలా దూకే అవకాశం ఐదింట రెండు వంతులకు దగ్గరగా చేరుతుంది. నష్టానికి అడ్డుకట్ట ఉండి లాభానికి దారి తెరిచి ఉన్నప్పుడు, ఎక్కువ మొక్కలు నాటడమే తెలివైన పని. జట్టు బలం లెక్కించే తీరు కూడా ఇందుకు తోడ్పడుతుంది. ఆట జట్టులోని మొదటి 10 మంది ఓవరాల్‌లను వరుసగా తగ్గిపోయే బరువులతో కలుపుతుంది. మొదటివాడి బరువు పదోవాడి బరువుకు ఐదు రెట్లకు పైనే. ఫరవాలేదనిపించే ముగ్గురు కన్నా ఒక్క మేటి ఆటగాడు జట్టును ఎక్కువ ఎత్తుకు తీసుకెళ్తాడు. కాబట్టి బెంచీ చివరి నాలుగైదు స్థానాలను, అక్కడ ఎవరున్నా గెలుపోటములు పెద్దగా మారవు గనుక, పూర్తిగా పచ్చి కుర్రవాళ్ళకే కేటాయించండి.

నియమాల్లో ఇందుకు అనుకూలించే ఒక వెసులుబాటు ఉంది. రోస్టర్‌లో, అంటే జట్టు ఆటగాళ్ళ జాబితాలో, 15 మందికి మించి ఉండకూడదన్నది మ్యాచ్‌లు ఆడేటప్పటి నియమం. డ్రాఫ్ట్‌లో తీసుకున్నవాళ్ళతో ఆ సంఖ్య దాటినా, సీజన్ మొదలయ్యేదాకా ఇబ్బంది లేదు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో తీసుకున్నవాళ్ళ కాంట్రాక్టులు కూడా సీజన్ మొదలయ్యేవరకు ఖాయం కావు, ముందే వదిలేస్తే వాళ్ళ జీతం మన మీద పడదు. డ్రాఫ్ట్‌కూ సీజన్ మొదలుకూ మధ్యనే ప్రీసీజన్ వస్తుంది. అంటే రెండో రౌండు కుర్రవాళ్ళను ఎంతమందిని వీలైతే అంతమందిని తీసుకుని, ప్రీసీజన్ ఎదుగుదల చూసుకుని, ఎవరు కదిలారో వాళ్ళను ఉంచుకుని, మిగతావాళ్ళను ఖర్చు లేకుండా పంపవచ్చు. ఇతర జట్లు రెండో రౌండు ఎంపికలను (అంటే ఎంచుకునే హక్కులను) తేలిగ్గానే ఇచ్చేస్తాయి. ఏ మార్పిడి చేసినా చివర్లో ఒక రెండో రౌండు ఎంపికను అడిగి కలుపుకోవడం అలవాటు చేసుకోండి.

ఇదే కారణంగా కుర్రవాళ్ళ మార్పిడులు ప్రీసీజన్‌కు ముందే ముగించాలి. ఎదుగుదల క్షణంలో అతడు ఏ జట్టులో ఉంటే ఆ జట్టు కోచింగే అతడికి వర్తిస్తుంది. సీజన్ మధ్యలో తెచ్చుకున్న కుర్రవాడు ఆ ఏడాదికి ఎదగడం అయిపోయినవాడు.

కోచింగ్ విషయానికి వస్తే, దాని ప్రభావం పెరిగే ఏడాదిని కాస్త ఎక్కువ చేయడం, తగ్గే ఏడాదిని కాస్త తక్కువ చేయడం. ఒక్క కుర్రవాడి ఒక్క ఏడాదిలో అది కంటికి కనిపించదు. కానీ 15 మందికీ, ప్రతి ఏడాదీ, ముసలివాళ్ళతో సహా వర్తిస్తుంది. స్కౌటింగ్ డబ్బు డ్రాఫ్ట్ రోజున ఒక్కసారి పనికొస్తే, కోచింగ్ డబ్బు జట్టులో ఉన్న ప్రతివాడికీ పనికొస్తుంది. అందుకే నేను మొదటిది తగ్గించి రెండోది పెంచుతాను. బడ్జెట్ స్థాయిలు గత మూడేళ్ళ ఖర్చును బట్టి ఏర్పడతాయి కాబట్టి, ఈ ఏడు ఒక్కసారిగా పెంచినా ఫలితం వెంటనే రాదు. జట్టును కొత్తగా కట్టాలని నిశ్చయించుకున్న రోజునే కోచింగ్ ఖర్చు పెంచాలి.

కుర్రవాళ్ళు ఎదిగేలోగా జట్టు ఓడిపోతుంటే యజమాని ఊరుకోడు. గెలుపులు, ప్లేఆఫ్స్, డబ్బు అన్న మూడింటినీ అతడు చూస్తాడు, ఓపిక నశిస్తే మనల్నే తీసేస్తాడు. కాబట్టి జట్టునంతా పచ్చివాళ్ళతో నింపవద్దు. 27, 28 ఏళ్ళ నమ్మకస్తులను నలుగురైదుగురిని ముందుంచి, వాళ్ళ వెనక కుర్రవాళ్ళను పెంచండి. ఆ పెద్దవాళ్ళకు 30 దగ్గర పడినప్పుడు, టైటిల్ కోసం పోటీపడుతున్న జట్టుకు వాళ్ళను ఇచ్చి డ్రాఫ్ట్ ఎంపికలు తీసుకోండి. జట్టు పునర్నిర్మాణంలో ఉన్నవాళ్ళు వయసు మళ్ళిన ఆటగాళ్ళకు అంత విలువ కట్టరు.

నిజ ఆటగాళ్ళతో మొదలయ్యే లీగ్ ఆడేవాళ్ళకు ఒక మాట. 2013 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక ఆంథొనీ బెనెట్ నాలుగు సీజన్లకే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏకు దూరమయ్యాడు. గ్రీసు రెండో శ్రేణి లీగ్ నుంచి 18 ఏళ్ళకు వచ్చిన యానిస్ ఆంటెటోకూన్‌పోను అదే డ్రాఫ్ట్‌లో మిల్వాకీ జట్టు 15వ ఎంపికగా తీసుకుంది. మొదటి సీజన్‌లో సగటున 6.8 పాయింట్లు మాత్రమే చేసిన అతడు 2019లోనూ 2020లోనూ ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏటి అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు, 2021లో జట్టుకు టైటిల్ తెచ్చాడు. పువ్వు పుట్టగానే పరిమళించాలన్న నియమం లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. అయితే మీ లీగ్‌ను 2013లో మొదలుపెడితే యానిస్ మళ్ళీ అలాగే ఎదుగుతాడని నమ్మవద్దు. నిజ జీవితపు దారిని అనుసరించాలన్న సెట్టింగు పెట్టకపోతే, అక్కడా పాచికలు కొత్తగానే పడతాయి. చరిత్ర గుర్తుంది కదా అని ఒక్కడి కోసం మూడు ఎంపికలు ధారపోయకండి.

ఎప్పుడు వదలాలన్నది చివరి ప్రశ్న, కష్టమైనదీ అదే. నేను పెట్టుకున్న హద్దు ఇది: 19, 20 ఏళ్ళకు వచ్చినవాడికి రెండు ప్రీసీజన్లు ఏమీ అడగకుండా ఇస్తాను. 22 ఏళ్ళ ప్రీసీజన్ తరువాత కూడా ఓవరాల్ 45 దాటకపోతే అతడి కోసం కొనుగోలుదారును వెతుకుతాను. ఆ వయసులో పొటెన్షియల్ అంకె ఇంకా కొంత పెద్దదిగానే కనిపిస్తుంది, ఇతర జట్లు ఆ అంకెకు ధర కడతాయి. 24 వచ్చేసరికి పొటెన్షియల్ ఓవరాల్ దగ్గరికి దిగిపోయి, ధర పలకదు. అయితే తరచూ ఆటగాళ్ళను మార్చే జట్టంటే విధేయతకు విలువనిచ్చే స్వభావం గల ఆటగాళ్ళకు ఇష్టం ఉండదు, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నిలబెట్టుకోవలసినవాడి విషయంలో కాంట్రాక్టు కాలం జాగ్రత్తగా చూసుకోవాలి. తిరిగి కుదుర్చుకోవడం ప్రీసీజన్‌కు ముందు జరుగుతుంది, అంటే రాబోయే ఎదుగుదలను చూడకుండానే ధర నిర్ణయించాలి. పచ్చివాడికి అది మనకే మేలు. తనను డ్రాఫ్ట్ చేసిన జట్టు మీద మొదటి కాంట్రాక్టు ముగిసేటప్పుడు ఆటగాడికి అదనపు మొగ్గు కూడా ఉంటుంది. నా 38వ ఎంపిక కుర్రవాడి రెండేళ్ళ కాంట్రాక్టు 21 ఏళ్ళ సీజన్‌తో ముగిసింది. ఓవరాల్ 46 ఉన్నవాడికి తగిన చిన్న జీతానికే మూడేళ్ళకు ఒప్పుకున్నాడు. 22 ఏళ్ళకు 50, 23కు 57, 24కు 60 అయ్యాడు. ఆ ఒప్పందం ముగిసినప్పుడు అడిగిన జీతం పెద్దదే. ఐదేళ్ళకు సంతకం చేయించాను. 25 నుంచి 29 ఏళ్ళ వరకు అతడు నా దగ్గరే ఉంటాడు, తగ్గుదల గట్టిగా మొదలయ్యే 30వ ఏటికి ముందు ఆ ఒప్పందం ముగుస్తుంది.